ఉంగరం లోపలి పేరు

లెనోర్ వచ్చేది మూడింటికి. ఇప్పుడు రెండు దాటి నాలుగు నిమిషాలైంది. హార్లన్ పెట్టిగ్రూ మాత్రం ఒంటిగంటన్నరకే వచ్చి, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ లైబ్రరీ హాల్లో, నది వైపు కిటికీ పక్కనున్న చెక్కబల్ల మీద కూర్చున్నాడు. ఒళ్లో టోపీ, టోపీ కింద ఎడమ చెయ్యి, ఆ చేతి ఉంగరపు వేలికి నీలంరాయి ఉంగరం. వేళకంటే ముందు రావడం తనకి పుట్టుకతో వచ్చిన జబ్బు. అరవై రెండేళ్లుగా అన్నిచోట్లకీ అందరికన్నా ముందు చేరాడు, అందరికన్నా వెనకబడ్డాడు. ఇక్కడ తనతో ఒకే గదిలో ఉండి చదివిన ఎమ్మెట్ కోల్‌గ్రోవ్ అలా కాదు, ఎక్కడికైనా ఆలస్యంగా వచ్చేవాడు, రాగానే జనం లేచి నిలబడేవారు. చచ్చిపోయి నాలుగు నెలలైనా వాడికి ఆ మర్యాద తప్పలేదు. ఇవాళ వచ్చేది వాడు కాదు, వాడి భార్య లెనోర్ చేతిలో వాడి ఉంగరం. వేలెడంత కూడా లేని ఆ వస్తువు కోసం హాలు తుడిచారు, కుర్చీలు వేశారు, బల్ల మీద తెల్లటి పూలు పెట్టారు, అకాడమీ పెద్ద సూపరింటెండెంటు గారే స్వయంగా వస్తున్నారట. పెద్ద జనరల్ మరి. భుజాల మీద నాలుగు నక్షత్రాలు, ఊరూరా వాడి పేరుతో ఒక వీధి, నెబ్రాస్కాలో వాడు పుట్టిన మొక్కజొన్న చేల మధ్య కంచు విగ్రహం. విగ్రహం చేతికి కూడా ఉంగరం పెట్టారు. హార్లన్ రెండురోజులు రైల్లో వెళ్లి మరీ చూసొచ్చాడు. భార్య ఎడిత్‌తో మాత్రం చెల్లెలి ఊళ్లో పళ్లు కట్టించుకొస్తానని చెప్పాడు.

పొద్దున బయలుదేరేటప్పుడు ఎడిత్ పంది మాంసం రొట్టెలు మైనపు కాగితంలో చుట్టి ఇస్తూ, "ఆయన పోయి నాలుగు నెలలైంది, ఇంకా ఆయనతో పోటీయేనా హార్లన్? ఇకనైనా ఊపిరి పీల్చుకో," అంది. ముప్పై అయిదేళ్ల కాపురం, దాని దగ్గర ఏదీ దాగదు. ఒక్క ఉంగరం సంగతి తప్ప. అది ఎడిత్‌కీ తెలియదు, లెనోర్‌కీ తెలియదు, పోయినవాడికీ తెలియదు. తెలిసింది తనొక్కడికే. ఇంకో యాభై నిమిషాల్లో ఈ హాలు మొత్తానికి తెలుస్తుంది. అనుకోగానే కడుపులో చల్లగా ఉంది. ఇలాంటి చల్లదనం ఎన్నేళ్లయింది తనకి?

ఎదురుగా గోడ పొడవునా అద్దాల బీరువా, లోపల మఖమలు గుడ్డ మీద ఉంగరాలు. ఇక్కడ చదివిన ప్రతివాడికీ బ్యాచి ఉంగరం ఉంటుంది, బతికున్నన్నాళ్లూ అది వేలికుంటుంది, పోయాక ఇంటివాళ్లు తెచ్చి ఈ లైబ్రరీకి ఇస్తారు. లైబ్రేరియన్ ఆక్స్‌లీకి ఒక అలవాటుంది. ముసలాయన, ఒక చెవి వినపడదు, ఊరికి వినపడేట్టు మాట్లాడతాడు. తెచ్చిన ఉంగరాన్ని వెలుతురుకెత్తి, భూతద్దం పెట్టి, లోపలివైపు చెక్కిన పేరు గట్టిగా చదివి, అప్పుడుగాని రిజిస్టర్లో రాయడు. రెండేళ్ల కిందట తమ బ్యాచివాడే ఒకడు పోతే హార్లన్ వచ్చాడు. ఆక్స్‌లీ భూతద్దం ఎత్తి ఆ పేరు చదువుతుంటే ఒళ్లంతా జిల్లుమంది. ఆ పోయినవాడి కోసం కాదు. ఎమ్మెట్ పోయిన రోజున ఏం జరుగుతుందో అప్పుడు తట్టి. ఎందుకంటే ఎమ్మెట్ కోల్‌గ్రోవ్ వేలికున్న ఉంగరంలో ఎమ్మెట్ పేరు లేదు. హార్లన్ జె. పెట్టిగ్రూ అని ఉంది.

ముప్పై తొమ్మిదేళ్ల కిందట, పట్టాలిచ్చే రోజు పొద్దున జరిగింది. గదిలో ఇద్దరికీ ఒకటే తొట్టి, ఒకటే సబ్బు, సబ్బు పక్కన రెండు ఉంగరాలు. ఒకటే బ్యాచి, ఒకటే నమూనా, రాయి కూడా ఇద్దరూ నీలమే ఎంచుకున్నారు. ఎంచుకుంది తను, వాడు కాపీ కొట్టాడు. లెక్కలు కాపీ కొట్టడం ఇక్కడ నేరం, రాయి కాదు కదా. వేళ్ల కొలత కూడా ఒకటే. కింద బూర ఊదుతోంది, ఎమ్మెట్ ఎప్పటిలాగే ఆలస్యం, సబ్బు నురగతోనే చెయ్యి చాపి ఏది దొరికితే అది తొడుక్కుని, "ఒరేయ్ హార్లన్, పద పద, మనల్ని ఇక్కడే వదిలేసి పట్టాలు పంచేసుకుంటారు!" అని మెట్లు మూడేసి చొప్పున దిగాడు. మిగిలింది తను తొడుక్కున్నాడు. రెండు నెలలకి టెక్సాస్‌లో, ఎండకి వేలు పొక్కితే తీసి చూస్తే లోపల ఎమ్మెట్ ఆర్. కోల్‌గ్రోవ్. పడీపడీ నవ్వాడు ఆ రోజు. ఉత్తరం రాద్దామని కాగితం కూడా తీశాడు, మళ్లీ కలిసినప్పుడు ముఖాముఖి చెబితే బావుంటుందని ఆపేశాడు. ఆపేసిన ఉత్తరం ఆగిపోయింది, అంతే.

బయట మైదానంలో కవాతు మొదలైంది. బూడిదరంగు కోట్లు, తెల్లటి ప్యాంట్లు, బ్యాండువాళ్లు ఒకే పాట ఆపి ఆపి వాయిస్తున్నారు. మొదటి ఏడాది పిల్లల్ని చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, గెడ్డం మెడలోకి లాక్కుని, కర్రలు మింగినట్టు నడుస్తారు. మొదటి ఏడాదివాడికి సీనియర్ ఏమడిగినా మూడే జవాబులు. అవును సార్. కాదు సార్. సాకేమీ లేదు సార్. నాలుగోది నోట్లోంచి వచ్చిందా, ఎండలో శిక్ష. బూటు మీద మట్టి ఎందుకుంది? గుర్రం తొక్కింది అనకూడదు, వాన పడింది అనకూడదు, సాకేమీ లేదు సార్. ఎమ్మెట్‌కి ఈ మూడోది అన్నప్రాసన నాడే నేర్పినట్టు అలవాటైపోయింది, రోజుకి ఇరవైసార్లు అనేవాడు, నవ్వు ఆపుకుంటూ. హార్లన్‌కి దాని అవసరమే రాలేదు. తన బూటు మీద మట్టి ఎప్పుడుంది గనక?

ఆ లెక్కల సంగతి. రోజూ నల్లబల్ల దగ్గర నిలబడి పాఠం అప్పజెప్పాలి, మార్కుల వరసలో కూర్చోబెడతారు, మొదటి బెంచీలో హార్లన్, చిట్టచివర ఎమ్మెట్. ఆ చివరివాళ్లని ఇక్కడ మేకలంటారు. ఆ మేకకి లెక్కలు నేర్పింది ఎవరు? పొద్దున నిద్రలేపే బూర ఊదకముందే, చీకటి విడిచీ విడవని వేళ లేపి, కిటికీ గట్టు మీద సుద్దముక్కతో గీసి గీసి, "ఇది వాలు రా, ఇది దూరం, నది వెడల్పు ఇలా కొలవాలి, అవతలి గట్టుకి వెళ్లక్కర్లేదు, ఈ గట్టునే నిలబడి కొలవచ్చు," అని చెప్పింది ఎవరు? హడ్సన్ నదిని చూపించే చెప్పాడు, ఇదిగో ఈ నదినే. ఎమ్మెట్ ఆవులించి, "ఈ గట్టునే నిలబడితే కొలవడం దేనికిరా? అవతలికి పోవాలిగా," అన్నాడు. మేక. తొమ్మిదో ర్యాంకు వచ్చిన హార్లన్ కోరుకున్న శాఖ తీసుకోవచ్చు గనక ఇంజనీర్లలోకి పోయాడు. అట్టడుగున తేలిన ఎమ్మెట్‌కి ఎవరికీ అక్కర్లేని కాల్బలం మిగిలింది. ఆ రోజు వాడి మీద జాలిపడ్డాడు కూడా. జాలి! తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. బాగా చదివినందుకు తనని ఫ్రాన్సు యుద్ధానికి పంపలేదు, లెక్కలు చెప్పమని ఇక్కడే కూర్చోబెట్టారు. చదువురానివాణ్ణి ఫ్రాన్సు పంపారు. తొడలో గుండు దిగినా పాక్కుంటూ పోయి శత్రువుల మిషన్‌గన్ను స్థావరం పట్టుకున్నాడు, పతకం, పేపర్లో ఫోటో. చేతికర్ర మీద ఎడమ చెయ్యి, చేతికి ఉంగరం.

ఆ ఫోటో చూసిన పూట అన్నం సహించలేదు. లోపలంతా కాలింది. అప్పుడు ఎక్కడినుంచో ఒక మాట వచ్చి ఆ మంట మీద నీళ్లు చల్లినట్టయింది: ఆ చేతికున్నది నా పేరు. ఊరంతా ఆ చేతిని చూస్తోంది, ఆ చెయ్యి తొడుక్కున్నది నన్ను. ఆ రోజునుంచీ ఉత్తరం రాసే ఆలోచన మానేశాడు. అబద్ధమాడాడా? లేదు. ఇక్కడ చదివినవాడు అబద్ధమాడడు, మోసం చెయ్యడు, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడే. అప్పటినుంచీ ఈ వాదన రోజూ గెలుస్తూనే ఉన్నాడు, గెలిచినవాడికి మళ్లీ మళ్లీ వాదించాల్సిన పనేమిటో మాత్రం తెలియదు.

రెండు ఇరవై అయిదు. ఆక్స్‌లీ వచ్చి పూలు సర్దుతూ, "కల్నల్ గారూ, కాఫీ ఏమన్నా తాగుతారా?" అని అరిచాడు. కల్నల్ గారట. లెఫ్టినెంట్ కల్నల్. అసలు కల్నల్‌కీ దీనికీ ఒక మెట్టు తేడా ఉంది, పలికేవాళ్లు మర్యాదకి ఆ మెట్టు మింగేస్తారు, ఆ మర్యాదే ముల్లులా గుచ్చుకుంటుంది. "వద్దండీ," అన్నాడు. రొట్టె కూడా తినబుద్ధి కాలేదు. రైల్లో వస్తున్నంతసేపూ కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంటూ సాధన చేశాడు. ఆక్స్‌లీ పేరు చదవగానే హాలంతా నిశ్శబ్దం, అందరి తలలూ తన వైపు తిరుగుతాయి. తను తొందరపడకుండా లేస్తాడు, తన ఉంగరం తీసి బల్ల మీద పెడతాడు, "ఇద్దరిదీ ఒకటే సబ్బండీ," అంటాడు. అంతే. ఇంకొక్క ముక్క అనడు. వాళ్లే నవ్వుతారు, వాళ్లే చప్పట్లు కొడతారు. రేపు పేపర్లో: జనరల్ కోల్‌గ్రోవ్ నదులు దాటినన్నాళ్లూ ఆయన వేలికున్నది రూమ్మేటు పేరు. పెట్టిగ్రూ ఎవరని దేశం అడుగుతుంది. ఒక్కసారి, ఒక్కరోజు అడిగితే చాలు. ఎక్కువేం అడగడం లేదుగా తను?

లెనోర్‌ని కూడా తనే కదా చూపించింది. పొకీప్సీలో మందుల షాపాయన కూతురు, చెల్లెలి స్నేహితురాలు, జూన్ డాన్సుకి తనే పిలిచాడు. ఇక్కడి పద్ధతేమిటంటే, అమ్మాయిని పిలిచినవాడే ఆమె కార్డు మీద ఏ డాన్సు ఎవరితోనో తన చేత్తో రాసి పెట్టాలి, స్నేహితులకి పంచాలి, అన్నీ తనే ఆడటం అమర్యాద. హార్లన్ పద్ధతి తప్పుతాడా? చక్కటి దస్తూరీతో పన్నెండు పేర్లు రాశాడు. ఎమ్మెట్‌కి ఎవరూ లేరు పాపం అని వాడికి రెండిచ్చాడు, నాలుగోది, తొమ్మిదోది. నాలుగోదాంట్లో లెనోర్ కాలు తొక్కాడట. తొమ్మిదోదాంట్లో ఇద్దరూ డాన్సు మానేసి బయట ఫిరంగి పక్కన కూర్చుని నవ్వుకుంటూ కనిపించారు. ఆ కార్డు ఇప్పటికీ లెనోర్ దగ్గరుందట, తన దస్తూరీలో ఎమ్మెట్ పేరు! అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, తను సొంత సొమ్మే పళ్లెంలో పెట్టి ఇచ్చాడు. ఎడిత్ మంచిది. లెనోర్ కన్నా మంచిదేమో కూడా. అది కాదు విషయం. ఎడిత్‌ని తను ఎంచుకున్నాడో, మిగిలిపోతే తీసుకున్నాడో, ఈ ప్రశ్న ఎడిత్ ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో అని ముప్పై అయిదేళ్లుగా ఒక మూల భయం ఉంది.

ఇక రెండో పెద్ద యుద్ధం. ఆ జర్మనీ ఏరు. మంచు కరిగి ఏరు పొంగింది, పై అధికారులంతా ఆగమన్నారు, ఎమ్మెట్ ఆగలేదు, తెల్లవారుజామున మొదటి పడవల్లో తనే ఎక్కాడు, ఆర్మీ కమాండరు, యాభై మూడేళ్లవాడు. నిలబడి దాటాడు. ఆ ఫోటో చూడని అమెరికావాడు లేడు: పొగ, నీళ్లు, నిలబడ్డ మనిషి, ఎడమ చెయ్యి పైకెత్తి అవతలి గట్టు చూపిస్తూ, వేలికి ఉంగరం. ఇళ్లల్లో గోడలకి తగిలించుకున్నారు. ఆ పడవలెక్కడివని ఒక్కడన్నా అడిగాడా? ఒహాయోలో, పాత ఫర్నిచర్ ఫ్యాక్టరీలో, రెండేళ్లపాటు పొద్దస్తమానం ప్లైవుడ్ వాసన పీలుస్తూ, అతుకు అతుకుకీ గోరు పెట్టి గీకి చూసి, కారితే వెనక్కి పంపి, కాంట్రాక్టర్ల చేత బూతులు తిని, ఆ పడవలు చేయించింది హార్లన్ పెట్టిగ్రూ. ఒక్కటి కారలేదు. తరవాత ఎమ్మెట్ రాసిన పుస్తకంలో ఆ ఏటి గురించి ముప్పై పేజీలున్నాయి. పడవల గురించి ఒక్క వాక్యం: పడవలు బాగానే పనిచేశాయి. బాగానే! హార్లన్ పేరు పుస్తకం మొత్తంలో ఒక్కచోట, ఇరవై మూడో పేజీలో, లెక్కల్లో దిట్ట అని. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఆ రాత మీద వేలు పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నాడో, ఆ పేజీ దగ్గర పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది ఇప్పుడు. అయినా ఓర్చుకున్నాడు. ఎందుకు ఓర్చుకోగలిగాడంటే ఆ పైకెత్తిన చెయ్యి ఉందిగా. గోడగోడకీ వేలాడే ఆ చేతి లోపల, చర్మానికి ఆనుకుని, తన పేరుంది. వాళ్లెవరికీ తెలియకుండా ప్రతి ఇంటి గోడ మీదా తనూ ఉన్నాడు. ఈ ఒక్క ముద్దతోనే కదా ఇన్నేళ్లు కడుపు నింపుకుంది.

మూడుకి అయిదు నిమిషాలుండగా జనం వచ్చారు. సూపరింటెండెంటు గారు, తమ బ్యాచి ముసలివాళ్లు నలుగురు, క్యాడెట్లు రెండు వరసలు. లెనోర్ సరిగ్గా మూడింటికి వచ్చింది, నల్లబట్టలు, జుట్టంతా తెల్లబడింది, నవ్వు మాత్రం తొమ్మిదో డాన్సునాటిదే. తిన్నగా వచ్చి హార్లన్ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాకపోతే ఎలాగా అనుకున్నాను. ఇక్కడ వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాడివి నువ్వొక్కడివే మిగిలావు, మిగతావాళ్లంతా జనరల్ గారూ, జనరల్ గారూ అనే," అంది. లెనోర్ సంచిలోంచి చిన్న పెట్టె తీసి ఆక్స్‌లీకి ఇచ్చింది. ముసలాయన ఉంగరాన్ని కిటికీ వెలుగుకెత్తాడు. భూతద్దం తుడిచాడు. ఇంకోసారి తుడిచాడు, చంపుతున్నాడు ముసలాడు. హార్లన్ కాళ్లు దగ్గరికి లాక్కుని లేవడానికి సిద్ధమయ్యాడు.

"ఎమ్మెట్ ఆర్. కోల్‌గ్రోవ్," అని చదివాడు ఆక్స్‌లీ.

క్యాడెట్లు సెల్యూట్ చేశారు. చెవిటివాడు, కళ్లు కూడా పోయాయేమో, రాసిపెట్టుకున్నది చూసి చదివాడేమో, లేదా తను ఆ రోజు టెక్సాస్‌లో ఎండదెబ్బకి తప్పు చూశాడా? లేదు, నిన్న కూడా చూశాడు, ప్రతి ఆదివారం సబ్బు రుద్ది తీసి చూస్తాడు. తన వేలికున్నది ఎమ్మెట్ ఉంగరం. అయితే అదేమిటి? సగం లేచినవాడు అలాగే కూర్చుండిపోయాడు. లెనోర్ వంగి, "ఏమైంది?" అంది. నోరు దానంతటదే అడిగింది: "లెనోర్, అది... అది మొదటి ఉంగరమేనా?"

లెనోర్ కళ్లు పెద్దవయ్యాయి, నవ్వు చేత్తో మూసుకుంది. "నీకెవరు చెప్పారు? వాడేనా? నా చేత ఒట్టు పెట్టించుకుని తనే చెప్పేశాడా దొంగ! మొదటిది మనీలాలో పోయింది, ఇరవై నాలుగులో. పాసిగ్ నది మీద లాంచీలో వెళుతూ, అంచున కూర్చుని సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు, జారిపోయింది. ఇది ఇక్కడి నగలవాళ్లకి రాసి, పాత అచ్చు మీద చేయించుకున్నాడు. హార్లన్‌కి మాత్రం చెప్పకు, వాడి ముందు తలెత్తుకోలేను అన్నాడు."

ఇరవై నాలుగు. హార్లన్ లెక్కల్లో దిట్ట, లెక్క తేలడానికి క్షణం పట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్లు. ఆ పైకెత్తిన చెయ్యి, గోడల మీది చెయ్యి, పత్రికల అట్టల మీది చెయ్యి, విగ్రహం చెయ్యి, దేంట్లోనూ తను లేడు. ఫ్రాన్సు ఫోటో ఒక్కటి మిగిలింది. పాతికేళ్లకి పైగా తన పేరు మనీలాలో నది అడుగున బురదలో పడి ఉంటే తను ఇక్కడ మురిసిపోయాడు. ఉత్త చేతిని చూసి మురిసిపోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు, చచ్చి కూడా గెలిచాడు వీడు, గెలవాలని అనుకోకుండానే, ఎప్పటిలాగే, సబ్బు నురగ చేత్తోనే. అయినా మించిపోయింది లేదు, నోరు మూసుకుని టోపీ తీసుకుని రైలెక్కితే ఇంటికి పోవచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు. లేచాడు. సరిగ్గా అప్పుడే ఆక్స్‌లీ రిజిస్టరు మీదినుంచి తలెత్తి, హాలంతా వినేట్టు, సరదాకే అడిగాడు.

"కల్నల్ గారూ, మీదీ ఏదో ఒకరోజు నా చేతికే వస్తుంది కదా, లోపల పేరు అరిగిపోలేదు కదా? నా కళ్లు అసలే అంతంతమాత్రం. ఏమని ఉందండీ మీ దాంట్లో?"

అడిగాడు. ముప్పై తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒకడు అడిగాడు, అదీ ఈ హాల్లో, రెండు వరసల క్యాడెట్ల ముందు. జవాబు పక్కనపెట్టి హార్లన్‌కి వేరొకటి కనిపించింది, కళ్లకి కట్టినట్టు. తను పోయాక ఎడిత్ ఇదే బల్ల దగ్గర ఇదే ముసలాయనకో, ఇతని తరవాతివాడికో ఉంగరం ఇస్తుంది. భూతద్దం ఎత్తుతారు. హార్లన్ పెట్టిగ్రూ అంత్యమర్యాదల రోజున గట్టిగా చదువుతారు: ఎమ్మెట్ ఆర్. కోల్‌గ్రోవ్. తన రోజు కూడా వాడిదే అవుతుంది. ఈ బీరువాలో ఎమ్మెట్‌వి రెండు, తనది సున్న. వాడి వేలికి తన పేరుందని ఇన్నేళ్లు మురిశాడు గాని, తన వేలికి వాడి పేరుందని ఒక్కనాడైనా తలిచాడా? వాడి పేరు తొడుక్కుని పడుకున్నాడు, వాడి పేరు తొడుక్కుని ఎడిత్‌ని పెళ్లాడాడు, వాడి పేరున్న చేత్తో పడవల అతుకులు తడిమాడు. ఎమ్మెట్‌గాడు తనకేసి చూడనైనా చూడలేదు, తనే వాణ్ణి వేలికి కట్టుకుని తిరిగాడు. వద్దు. ఇంక ఒక్క పూట కూడా వద్దు. ఇది మంచితనం కాదు, దేవుడి ముందైనా చెబుతాడు, పచ్చి ఓర్వలేనితనం. వాడి పేరు తన ఒంటి మీద ఇంక ఒక్క పూట కూడా ఓర్వలేడు.

"ఒక్క నిమిషం," అన్నాడు. కణుపు దగ్గర వేలు లావెక్కి ఉంగరం రాలేదు. చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లి సబ్బు రుద్దాడు. నురగలోంచి ఉంగరం జారి వచ్చింది, వేలి చుట్టూ తెల్లటి గాడి, పసిపిల్లవాడి చర్మంలాంటిది. తడిచేత్తోనే తెచ్చి ఆక్స్‌లీ ముందు పెట్టాడు. "మీరే చదవండి," అన్నాడు.

ఆక్స్‌లీ చదివాడు. ఇంకోసారి చదివాడు. సూపరింటెండెంటు గారు లేచి నిలబడ్డారు. బ్యాచివాళ్లలో ఒకడు, "ఓరి నాయనో, పట్టాలిచ్చే రోజు పొద్దున!" అని తొడ చరిచాడు. హార్లన్ నాలుగు ముక్కల్లో చెప్పాడు, తొట్టి, సబ్బు, బూర. రైల్లో సాధన చేసిన మాట కూడా వచ్చింది నోటికి, అనుకున్నట్టే నవ్వారు, అనుకున్నట్టే చప్పట్లు కొట్టారు, సూపరింటెండెంటు గారు చెయ్యి కలిపి, అసలు ఉంగరం ఇచ్చిన పెద్దమనసని ఏదో అంటున్నారు. పెద్దమనసట. లెనోర్ ఒక్కతే నవ్వలేదు. ఆమె ముఖం పాలిపోయింది.

"అయితే ఆ నదిలో పడింది..."

"నాది."

"మూడుసార్లు దూకాడు హార్లన్," అంది లెనోర్, చాలా చిన్నగా. "బూట్లతోనే. చిక్కటి బురదనీళ్లు, పడవల మధ్య. మూడోసారి లాంచీవాళ్లు జుట్టు పట్టుకుని పైకి లాగారు, నీళ్లు మింగేశాడు. ఆరువారాలు జ్వరం, బతకడన్నారు. నేను తిట్టాను, ఉంగరమే కదరా పిచ్చోడా, ఇంకోటి చేయించుకోవచ్చు కదా అని. 'చేయించుకోవచ్చు, కానీ అది వేరే, లెనోర్,' అన్నాడు. వేరే ఏమిటంటే చెప్పలేదు. జ్వరం కదా, ఏదో అంటున్నాడులే అనుకున్నాను."

తెలుసా వాడికి? ఎప్పుడు చూశాడు లోపల, ఎప్పుడు తెలిసింది, తెలిసే తొడుక్కున్నాడా, తెలిసే ఊరుకున్నాడా తనలాగే? తనలాగే కాదు. హార్లన్ ఆ నదిని చూశాడు, ఎప్పుడూ చూడని ఆ నదిని, గోధుమరంగు నీళ్లు, బూట్లతో దూకిన మనిషి, తేలి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ దూకిన మనిషి. వాడిది పోతే తను దూకేవాడా? ఈ వేలికున్నది జారి పడితే? గట్టునే నిలబడి లోతెంతో లెక్కకట్టేవాడు. ఇలాంటిదాంట్లో కూడా వాడే ముందున్నాడే అని, ఈ క్షణాన కూడా, ఏడుపు గొంతులో ఉండగా కూడా, ఆ పాత మంటే మండింది. చింత చచ్చినా పులుపు చావలేదు.

ఆక్స్‌లీ కలం సిరాలో ముంచి కొత్త వరసలో రాస్తున్నాడు, అలవాటు ప్రకారం రాసేదంతా పైకి చదువుతూ: ఉంగరం, జనరల్ ఎమ్మెట్ ఆర్. కోల్‌గ్రోవ్‌ది, ఇచ్చినవారు, హార్లన్ జె. పెట్టిగ్రూ. ఆ పేరు ఆ హాలు నాలుగు గోడలకీ తగిలింది, అందరూ విన్నారు. హార్లన్ వినలేదు. ఆ క్షణానే లెనోర్ అతని చెయ్యి, ఆ తెల్లగాడి పడిన చెయ్యి, రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లల్లోకి చూసి అడిగింది.

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు హార్లన్? ఒక్క ఉత్తరం ముక్క రాస్తే వాడు ఎంత నవ్వేవాడో. ఎందుకు రాయలేదు?"

ఇన్నేళ్లపాటు రోజూ గెలిచిన వాదనలన్నీ ఉన్నాయి, వరసగా, మార్కుల ప్రకారం కూర్చోబెట్టినట్టు. హార్లన్ మడమలు వాటంతటవే దగ్గరయ్యాయి, వెన్ను నిటారైంది, గెడ్డం మెడలోకి పోయింది.

"సాకేమీ లేదు, మేడమ్," అన్నాడు.